టేపు తీసుకుని మొదలుపెట్టండి: ఇంటికి పెద్ద టీవీ ఎంచుకోవడం ఎలా?

గత దసరా సెలవులకి తెనాలి వెళ్ళగానే నాన్న అడిగిన మొదటి మాట: "ఏమ్మా, ఎలక్ట్రానిక్సేగా నువ్వు చదివేది? ఏ టీవీ కొనాలో చెప్పు." మా పాత 32 అంగుళాల టీవీ తెర మీద అప్పటికే మూడు నిలువు గీతలు. వాటి వెనకాలే అందరూ క్రికెట్ చూస్తున్నారు.

మూడేళ్ళుగా సిగ్నల్స్, కమ్యూనికేషన్స్ చదువుతున్న నేను నోరు తెరవలేకపోయాను. ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ రాయమంటే రాస్తాను. టీవీ పెట్టె మీద ఉన్న ఇరవై స్టిక్కర్లలో ఏది నిజమో అడిగితే మాత్రం తెలీదు.

డబ్బు అమ్మది. బట్టలు కుడుతూ నెలనెలా కట్టిన చీటీ పాడితే వచ్చిన 40 వేలు. "మళ్ళీ ఎనిమిదేళ్ళ దాకా నన్ను టీవీ మాట అడగొద్దు" అని ముందే చెప్పేసింది. అంటే తప్పు చేస్తే దిద్దుకోడానికి సప్లీ ఉండదు. పైగా ఒక్కొక్కరికీ ఒక్కో కోరిక. తమ్ముడికి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పీఎస్4 ఆడుకోవాలి. నాన్నకి క్రికెట్. అమ్మకి సీరియళ్ళు, రాత్రిపూట ఓటీటీలో సినిమా. గోడవార మంచం మీద ఉండే నాయనమ్మకి పొద్దున్నే భక్తి కార్యక్రమాలు.

ఆ వారం రోజులు నేను చదివింది, కొలిచింది, షాపుల్లో చూసింది ఇక్కడ వరసగా రాస్తున్నాను. సెలవులకి వెళ్తే మీ ఇంట్లో కూడా ఇదే ప్రశ్న అడుగుతారు, సందేహం లేదు.

1. ముందు హాలు కొలవండి

టీవీ సైజు అంటే మూల నుంచి మూలకి ఉండే కొలత. కానీ మన కంటికి కావాల్సింది వెడల్పు. 16:9 తెరకి మూలకొలతని 0.87తో గుణిస్తే వెడల్పు, 0.49తో గుణిస్తే ఎత్తు వస్తాయి. ఆ లెక్కన 43 అంగుళాల టీవీ వెడల్పు 95 సెంటీమీటర్లు, 55ది 122, 65ది 144. సైజు కొంచెం పెరిగినా వైశాల్యం బాగా పెరుగుతుంది. 43 నుంచి 55కి వెళ్తే అంగుళాల్లో తేడా 28 శాతమే, తెర వైశాల్యంలో మాత్రం 64 శాతం.

ఎంత పెద్దది కావాలి అన్నది ఎంత దూరం నుంచి చూస్తాం అన్నదాని మీద ఉంటుంది. తెర వెడల్పు మన కంటి దగ్గర సుమారు 30 డిగ్రీల కోణం చేస్తే సినిమాకి, ఆటకి హాయిగా ఉంటుందన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. త్రికోణమితి వాడితే, కూర్చునే దూరం వెడల్పుకి 1.87 రెట్లు ఉండాలి. 43 అంగుళాలకి 1.8 మీటర్లు, 55కి 2.3, 65కి 2.7.

అమ్మ కుట్టుమిషన్ దగ్గర టేపు తీసుకుని కొలిచాను. సోఫాలో కూర్చున్న నాన్న కళ్ళ నుంచి గోడకి 235 సెంటీమీటర్లు. పాత 32 అంగుళాల టీవీ అక్కడి నుంచి 17 డిగ్రీలే చేస్తోంది. స్కోరు కనపడటం లేదని నాన్న కుర్చీ ముందుకి లాక్కునేది అందుకే అన్నమాట. అద్దాలు మార్చాలేమో అనుకున్నాం మేము! 55 అంగుళాలది మా హాలుకి సరిగ్గా సరిపోతుంది. 65 కావాలని తమ్ముడు గొడవ చేశాడు గానీ, మంచం ఉన్నంత వరకే కదా కాళ్ళు చాపుకోవాలి.

2. 4కె మన కంటికి ఆనుతుందా?

మామూలు చూపు ఉన్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం ఉన్న వివరాన్ని విడదీసి చూడగలదు. 235 సెంటీమీటర్ల దూరంలో ఆ కోణం అంటే 0.68 మిల్లీమీటర్లు. దానికంటే పెద్ద చుక్క విడిగా కనిపిస్తుంది, చిన్నదైతే పక్కదానితో కలిసిపోతుంది.

55 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీ చుక్క 0.63 మిల్లీమీటర్లు, 4కె చుక్క 0.32. అంటే మా సోఫా నుంచి ఫుల్ హెచ్‌డీ బొమ్మే దాదాపు హద్దు దగ్గర ఉంది. 4కె వల్ల లాభం ఉంది కానీ, ప్రకటనల్లో చూపించే "నాలుగు రెట్ల స్పష్టత" అయితే లేదు. ఆ లెక్క పిక్సెళ్ళ సంఖ్యది, కంటిది కాదు. ఈ సైజులో ఎలాగూ 4కె టీవీలే వస్తున్నాయి కాబట్టి దాని గురించి అదనంగా డబ్బు పెట్టే పని లేదు.

ఇక్కడ అందరూ మర్చిపోయే సంగతి ఇంకోటుంది. మన సెట్‌టాప్ బాక్సులో వచ్చే మామూలు ఎస్‌డీ ఛానళ్ళకి నిలువునా 576 గీతలే. 55 అంగుళాల తెర మీద ఒక్కో గీత 1.2 మిల్లీమీటర్లు అవుతుంది. హద్దు 0.68 అయితే ఇది 1.2! పెద్ద టీవీ వచ్చిన మొదటి సాయంత్రం అమ్మ సీరియల్ పెట్టి, "ఇదేంటే, పాతదాంట్లోనే బాగుంది, ఇందులో మొహాలు అలికినట్టున్నాయి" అంది. నా గుండె జారిపోయింది. ఆమె చూసే రెండు ఛానళ్ళకి హెచ్‌డీ ప్యాక్ పెట్టించాక గానీ కుదుటపడలేదు. పెద్ద టీవీ కొంటున్నారంటే ఆ నెలవారీ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

3. ప్యానెల్: పక్కన కూర్చునేది ఎవరు?

ఎల్ఈడీ, క్యూఎల్ఈడీ అని పేర్లు వేరైనా రెండూ ఎల్‌సీడీలే. వెనక ఎల్ఈడీ దీపాలు, ముందు వెలుగుని ఆపే ద్రవ స్ఫటికాల పొర. క్యూఎల్ఈడీలో రంగులు శుద్ధంగా రావడానికి క్వాంటమ్ డాట్ల పొర అదనంగా ఉంటుంది. ఓఎల్ఈడీ మాత్రం వేరే జాతి. అందులో ప్రతి చుక్కా తనంతట తనే వెలుగుతుంది, ఆరిపోతుంది. అందుకే నలుపు అంటే నిజంగా నలుపే. మా 40 వేలకి అది అందని ద్రాక్ష. పైగా స్కోరు పట్టీలాంటి కదలని బొమ్మలు ఏళ్ళ తరబడి అదే చోట ఉంటే అచ్చు పడే ప్రమాదం కూడా దానికి ఉంది.

మా బడ్జెట్‌లో అసలు పోటీ రెండు రకాల ఎల్‌సీడీల మధ్య. వీఏ, ఐపీఎస్. వీఏలో తెలుపు-నలుపు నిష్పత్తి 3000:1 ఆపైన ఉంటుంది, ఐపీఎస్‌లో 1000:1 అటూ ఇటూ. కాబట్టి లైట్లు ఆర్పి సినిమా చూస్తే వీఏదే పైచేయి. ఐపీఎస్‌లో రాత్రి సీన్లు బూడిద రంగుగా అనిపిస్తాయి. కానీ పక్కకి జరిగి చూస్తే వీఏ రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ పెద్దగా మారదు.

తమ్ముడూ నేనూ వీఏ అని తేల్చేసుకున్నాం. అప్పుడు గుర్తొచ్చింది నాయనమ్మ మంచం. మళ్ళీ టేపు తీశాను. టీవీ మధ్యగీత నుంచి పక్కకి 150 సెంటీమీటర్లు, గోడ నుంచి ముందుకి 130. అంటే ఆమె తెరని సుమారు 49 డిగ్రీల ఏటవాలుగా చూస్తుంది. షాపులో ఒక వీఏ టీవీని అంత పక్క నుంచి చూశాను. మొహాలు పాలిపోయి ఉన్నాయి.

"మంచం సోఫా పక్కకి జరిపేస్తే?" అన్నాడు తమ్ముడు.

అమ్మ కుట్టు ఆపి తలెత్తింది. "కిటికీ గాలి తగిలేది అక్కడొక్కచోటే. టీవీ కోసం అత్తయ్య మంచం జరుపుతామా?"

అంతే, ఐపీఎస్ ఖాయమైంది. అమ్మ అడిగిన ఆ ప్రశ్నకి ఏ రివ్యూలోనూ జవాబు ఉండదు. రివ్యూ రాసేవాళ్ళకి మన మంచాలు ఎక్కడున్నాయో తెలీదుగా.

ఒక జాగ్రత్త. ఏ ప్యానెల్ అన్నది చాలా పెట్టెల మీద రాయరు. ఒకే మోడల్‌లో సైజుని బట్టి ప్యానెల్ మారొచ్చు కూడా. అందుకని షాపులో మీకు కావాల్సిన సైజునే ఆన్ చేయించి, మీ ఇంట్లో ఎక్కువ పక్కన కూర్చునే మనిషి కోణంలో నిలబడి చూడండి. ఇంకోటి, షాపులో టీవీలన్నీ కళ్ళు జిగేల్‌మనే డెమో మోడ్‌లో ఉంటాయి. "స్టాండర్డ్‌లోనో సినిమా మోడ్‌లోనో పెట్టండి" అని అడగండి. అడిగితే పెడతారు.

4. 120 హెర్ట్జ్ మాయ

"120 హెర్ట్జ్ అండి, గేమింగ్‌కి తిరుగుండదు" అన్నాడు షాపు కుర్రాడు. పెట్టె మీద నిజంగానే 120 అని పెద్ద అక్షరాల్లో ఉంది. పక్కన చిన్నగా మోషన్ రేట్ అని ఉంది. ఆ చిన్న మాటలోనే ఉంది కిటుకంతా. ప్యానెల్ సెకనుకి 60 సార్లే మారుతుంది. మధ్యలో సాఫ్ట్‌వేర్ కల్పించే మెరుగుల్ని కలిపి 120 అంటారు. పైన పటారం, లోన లొటారం.

కనిపెట్టడం తేలికే. కంపెనీ సైట్‌లో ఆ మోడల్ మాన్యువల్ దించుకుని, హెచ్‌డీఎంఐకి సపోర్ట్ చేసే రిజల్యూషన్ల పట్టిక చూడండి. 3840×2160 ఎదురుగా 120 హెర్ట్జ్ ఉంటే నిజం, 60 దగ్గరే ఆగిపోతే కాదు.

హెచ్‌డీఎంఐ సంగతి కూడా మన క్లాసు లెక్కే. 4కె ఫ్రేములో 82,94,400 పిక్సెళ్ళు. ఒక్కోదానికి 24 బిట్లు. సెకనుకి 60 ఫ్రేములైతే సుమారు 11.9 గిగాబిట్లు, 120 అయితే 23.9. హెచ్‌డీఎంఐ 2.0 గొట్టంలో పట్టేది మొత్తం 18 గిగాబిట్లు. ఎన్‌కోడింగ్‌కి పోగా అసలు సమాచారానికి మిగిలేది 14.4. కాబట్టి 4కెలో 60 పడుతుంది, 120 పట్టదు. దానికి 48 గిగాబిట్ల దాకా వెళ్ళే 2.1 కావాలి. ఇక్కడా ఒక మెలిక ఉంది. 2.1లోని సౌకర్యాలు చాలావరకు ఐచ్ఛికం. "హెచ్‌డీఎంఐ 2.1" అని ఉన్న ప్రతి టీవీలో 4కె 120 ఉండాలన్న నియమం లేదు. అందుకే అంకెని కాదు, మాన్యువల్‌లోని పట్టికని నమ్మండి.

మరి మాకు 120 కావాలా? పీఎస్4 ఇచ్చేది ఫుల్ హెచ్‌డీ, సెకనుకి ఎక్కువలో ఎక్కువ 60 ఫ్రేములు. క్రికెట్ ప్రసారానికీ, సీరియళ్ళకీ అంత వేగం అక్కర్లేదు. సినిమా 24 ఫ్రేములు కాబట్టి 120లో ఒక్కో ఫ్రేమ్ సరిగ్గా అయిదుసార్లు వస్తుంది, 60లో ఒకటి మూడుసార్లు, ఒకటి రెండుసార్లు వస్తుంది. కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగే షాట్లలో ఆ చిన్న కుదుపు తెలుస్తుంది, అంతే. పీఎస్5 ఉన్నవాళ్ళకైతే లెక్క వేరు. అది 4కె 120 ఇస్తుంది, ఫ్రేమ్ రేటుని బట్టి తెర వేగం మారే వీఆర్ఆర్ కూడా ఉంది. మీకు అది ఉంటే ఒక సైజు తగ్గించుకునైనా అసలైన 120 ప్యానెల్ తీసుకోండి. "రెండేళ్ళలో నేను పీఎస్5 కొంటానుగా" అన్నాడు తమ్ముడు. కొన్న రోజున అది ఈ టీవీలోనూ 4కె 60లో ఆడుతుంది. రాని కన్సోల్ కోసం అమ్మ చీటీ డబ్బులో పది వేలు ముందే పెట్టడం నాకు సబబు అనిపించలేదు.

5. గేమ్ మోడ్: ఖర్చు లేని మందు

టీవీ బిగించాక తమ్ముడు క్రికెట్ గేమ్ పెట్టాడు. వరసగా నాలుగు వికెట్లు. "అక్కా, బంతి వెళ్ళిపోయాక బ్యాట్ కదుల్తోంది! చెత్త టీవీ కొన్నావు" అని రిమోట్ విసిరినంత పని చేశాడు. రెండు నిమిషాలు నాకూ భయమేసింది.

జరిగింది ఏమిటంటే, టీవీ వచ్చిన ఫ్రేముని వెంటనే చూపించదు. పదును పెట్టడం, మచ్చలు తీయడం, మధ్య ఫ్రేములు కల్పించడం లాంటి పనుల కోసం కొన్ని ఫ్రేముల్ని ఆపి ఉంచుకుంటుంది. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. అయిదు ఫ్రేములు ఆగితే 83. గంటకి 140 కిలోమీటర్ల బంతి ఆ 83 మిల్లీసెకన్లలో మూడు మీటర్ల పైచిలుకు ప్రయాణిస్తుంది. బౌలర్ చెయ్యి వదిలాక బంతి బ్యాట్ దగ్గరికి రావడానికి పట్టేదే దాదాపు అర సెకను. ఇక వికెట్ పడదా మరి!

సెట్టింగుల్లో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకి గేమ్ మోడ్ ఆన్ చేశాను. ఆ పనులన్నీ ఆగిపోయి ఆలస్యం తగ్గిపోయింది. ఏఎల్ఎల్ఎం అన్న సౌకర్యం టీవీలోనూ కన్సోల్‌లోనూ రెండిట్లో ఉంటే ఇది దానంతట అదే జరుగుతుంది. పీఎస్4కి అది లేదు కాబట్టి చేత్తో పెట్టుకోవాలి. మీ ఇంట్లో టీవీ కొత్తదైనా పాతదైనా ఈ ఒక్క సెట్టింగు ఇవాళే చూసుకోండి.

6. ఓటీటీ: స్మార్ట్ అన్నవన్నీ స్మార్ట్ కావు

మా మావయ్య రెండేళ్ళ క్రితం చవగ్గా వచ్చిందని పేరు తెలియని ఒక 50 అంగుళాల "4కె స్మార్ట్" టీవీ కొన్నాడు. ఓటీటీలో సినిమా పెడితే మసక మసక. నెట్ బాగాలేదని కనెక్షన్ మార్చాడు, ప్లాన్ పెంచాడు. అయినా అంతే. తప్పు నెట్‌ది కాదు. సినిమాలు కాపీ కాకుండా ఓటీటీలు వాడే వైడ్‌వైన్ అనే రక్షణలో స్థాయిలున్నాయి. ఎల్1 ధ్రువీకరణ ఉన్న పరికరానికే హెచ్‌డీ, 4కె పంపిస్తాయి. ఎల్3 మాత్రమే ఉంటే చాలా ఓటీటీలు 480 గీతల దగ్గరే ఆపేస్తాయి. ఆండ్రాయిడ్‌ని ఎవరైనా ఉచితంగా తీసుకుని టీవీలో వేయొచ్చు. ధ్రువీకరణ పొందిన గూగుల్ టీవీ వేరు. చివరికి మావయ్య విడిగా ఒక స్ట్రీమింగ్ స్టిక్ కొని గట్టెక్కాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

షాపులోనే మీ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి, మీ అకౌంట్‌తో ఒక సినిమా ప్లే చేసి చూడండి. బొమ్మ పక్కన హెచ్‌డీ, 4కె గుర్తు వస్తుందో లేదో కనపడుతుంది. చూశాక లాగవుట్ అవడం మర్చిపోవద్దు.

నెట్ వేగం గురించి అంత బెంగ అక్కర్లేదు. 4కెకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్. డేటా మాత్రం చూసుకోవాలి. ఆ వేగంతో గంటకి దాదాపు 6.75 జీబీ అవుతుంది. మొబైల్ డేటాతో నడిపే ఇళ్ళలో ఒక్క సినిమాతో రోజు కోటా అయిపోతుంది. పైగా నెట్‌ఫ్లిక్స్‌లో 4కె అన్నిటికంటే పై ప్లాన్‌లోనే వస్తుంది. రౌటర్ గోడ అవతల ఉంటే వైఫైతో కుస్తీ పట్టకుండా ఒక ల్యాన్ వైరు లాగండి.

7. మిగతావి గబగబా

హెచ్‌డీఆర్: ఈ ధరలో పెట్టె మీద ఎన్ని హెచ్‌డీఆర్ గుర్తులున్నా, ప్యానెల్‌కి తగినంత వెలుగు లేకపోతే తేడా స్వల్పమే. దాని కోసం ఎక్కువ పెట్టకండి.

మాట: సన్నటి టీవీల్లో స్పీకర్లు కిందకో వెనక్కో ఉంటాయి, మాటలు స్పష్టంగా వినపడవు. ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ పోర్టు ఉంటే తర్వాత డబ్బులున్నప్పుడు సౌండ్‌బార్ తగిలించుకోవచ్చు.

కాళ్ళు: ఇది నా తప్పు. టీవీ అడుగున రెండు కాళ్ళ మధ్య దూరం చూసుకోలేదు. మా బల్ల 90 సెంటీమీటర్లు, కాళ్ళు అంతకంటే ఎడంగా ఉన్నాయి. ఆ రాత్రి టీవీ పెట్టెలోనే పడుకుంది. మర్నాడు గోడకి బిగించాం. బిగించేటప్పుడు తెర మధ్యభాగం కూర్చున్నవాళ్ళ కంటి ఎత్తులో ఉండాలి. చాలా ఇళ్ళలో క్యాలెండర్ ఎత్తులో పెట్టేసి మెడనొప్పి అంటారు.

కరెంటు: మా టీవీ వెనక 130 వాట్లు అని ఉంది. రోజుకి అయిదు గంటలు అంతే తిన్నా నెలకి 20 యూనిట్ల లోపే.

ధర: 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు 40,000 ఉన్నది లెక్క ప్రకారం 36,875 కావాలి. పాత ధర కొట్టేసి "పండగ తగ్గింపు" అని చూపిస్తే అందులో పన్ను తగ్గింపు ఎంతో, షాపు వాళ్ళ తగ్గింపు ఎంతో విడదీసి చూసుకోండి.

వారంటీ: ప్యానెల్ పోతే బాగుచేసే ఖర్చు దాదాపు కొత్త టీవీ అంత అవుతుంది. కాబట్టి ప్యానెల్‌కి ఎన్నేళ్ళు, మీ ఊళ్ళో సర్వీసు మనిషి ఉన్నాడా అన్నది బిల్లు కట్టకముందే అడగండి. పెట్టె ఇంట్లో తెరిచేటప్పుడు వీడియో తీసుకోండి.

చివరగా

చివరికి 36,500కి ఒక 55 అంగుళాల, 60 హెర్ట్జ్, ఐపీఎస్, ధ్రువీకరణ ఉన్న టీవీ తెచ్చాం. లోటు లేదని అబద్ధం చెప్పను. లైట్లు ఆర్పి సినిమా చూస్తే నలుపు బూడిదగానే ఉంటుంది. తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా ఆ మాట ఎత్తుతాడు. వీఏ తీసుకుని ఉంటే అతని ఆటలు ఇంకా అందంగా కనిపించేవి, నిజమే.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు పొద్దున్నే లేచి చూస్తే నాయనమ్మ మంచం మీద ఒత్తిగిలి పడుకుని, గుడిలో జరుగుతున్న అభిషేకం చూస్తోంది. "ఇదివరకు స్వామి మొహం కనపడేది కాదే, ఇప్పుడు కళ్ళు కూడా తెలుస్తున్నాయి" అంది. తమ్ముడు పక్కనే ఉన్నాడు. ఏమీ అనలేదు.

కాబట్టి ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ముందు టేపు తీసి మూడు కొలతలు రాసుకోండి: సోఫా నుంచి గోడకి దూరం, అందరికంటే పక్కన కూర్చునేవాళ్ళ చోటు, టీవీ పెట్టే బల్ల వెడల్పు. తర్వాత ఇంట్లో ఎవరు ఏం చూస్తారో అడగండి. ఆ కాగితం జేబులో పెట్టుకుని షాపుకి వెళ్తే, కుర్రాడు ఏ స్టిక్కర్ చూపించినా మీకు తొందర ఉండదు.